నలభై గ్రాముల ప్రాణానికి ఒక నిర్ణయం

ఉండి, ఆకివీడు, కైకలూరు వైపు పశువుల డాక్టరు దగ్గరికి వచ్చే కేసులేమిటో ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు. పొదుగువాపు, గాలికుంటు, ఈనలేక అవస్థపడే గేదె, పెరట్లో కొక్కెర తగిలిన కోళ్లు. ఐదొందల కిలోల గేదెకి మందు లెక్కగట్టే ఆయన ముందు ఒక బడిపిల్ల చిన్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చి పెట్టిందనుకోండి. లోపల కాగితం ముక్కల మధ్య నలభై గ్రాముల హామ్‌స్టర్. భీమవరంలోనో, తాడేపల్లిగూడెంలోనో పుట్టినరోజుకి కొన్నది. పొట్ట కింద గోలీకాయంత గడ్డ పగిలి రసి కారుతోంది. తిండి మానేసింది. ఇంట్లో మామ్మ "ఎలకపిల్లకి డాక్టరేంట్రా" అని విసుక్కుంటూనే ఉంది.

మామ్మ మాటలో తప్పు పట్టడానికేం లేదు. ఎలుకల బుట్టలు పెట్టించి చేను కాపాడుకున్న ఊళ్లు ఇవి. అయితే చేలో ఎలుక తన బతుకు తాను బతుకుతుంది. పంజరంలో ఉన్నదాని తిండీ, నీళ్లూ, గాలీ, వెలుతురూ అన్నీ మన చేతిలోనివే. కాబట్టి దాని చివరి రోజులు ఎలా గడవాలన్నదీ మన మీదే ఉంటుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం మూడో సెక్షను చెప్పేది ఇదే: జంతువు ఎవరి సంరక్షణలో ఉందో వాళ్లు దాని బాగోగులు చూడాలి, అనవసరమైన నొప్పీ బాధా కలగకుండా చూడాలి. 2018 నాటి పెట్ షాపు నిబంధనల్లో పెంపుడు జంతువుల నిర్వచనంలో కుక్క, పిల్లి, కుందేలుతో పాటు హామ్‌స్టర్ పేరు కూడా రాసి ఉంది. బరువును బట్టి, కొన్న ధరను బట్టి ఈ బాధ్యత తగ్గదు.

హామ్‌స్టర్ జబ్బు కనిపెట్టడం దగ్గరే మనం వెనకబడతాం. ఇది పాములకీ గద్దలకీ గుడ్లగూబలకీ ఆహారమైన జాతి. నలతగా ఉన్నట్టు కనిపించినదాన్నే అవి ముందు పట్టుకుపోతాయి కనుక నొప్పిని దాచుకోవడం దాని రక్తంలోనే ఉంది. మనకి తెలిసేసరికి జబ్బు చాలా దూరం పోయి ఉంటుంది. పైగా అది రాత్రి జీవి. పగలంతా ముడుచుకుని పడుకుంటే జబ్బు కాదు. రాత్రి తొమ్మిది దాటాక కూడా గూట్లోంచి బయటికి రాకపోతే అప్పుడు అనుమానించాలి.

రొయ్యల చెరువు చేసేవాళ్లు చెక్‌ట్రే పైకెత్తి, మేత మిగిలి ఉంటే చెరువులో ఏదో తేడా వచ్చిందని పసిగడతారు. హామ్‌స్టర్ దగ్గర ఆ లెక్క పనికిరాదు. గిన్నె ఖాళీ అయిందంటే తిన్నదని అర్థం కాదు. గింజలన్నీ బుగ్గసంచుల్లో కుక్కుకుపోయి గూటి కింద దాచేస్తుంది. తినకుండా చిక్కిపోతున్నా గిన్నె మాత్రం రోజూ ఖాళీగానే కనిపిస్తుంది. అందుకే తూకం కావాలి. ఒక గ్రాము తేడా చూపించే వంటింటి డిజిటల్ కాటా మీద చిన్న డబ్బా పెట్టి, అందులో దాన్ని కూర్చోబెట్టి వారానికోసారి తూచి, క్యాలెండరు మీద రాసుకోవాలి. ఒంట్లో బాగోలేనప్పుడు రోజూ తూచాలి. 120 గ్రాముల సిరియన్ హామ్‌స్టర్ 12 గ్రాములు తగ్గిందంటే అరవై కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గినట్టు. కంటికి ఆనని ఈ తేడా కాటా మీద తెలిసిపోతుంది.

కారుణ్య మరణం గురించి ఆలోచించే ముందు, చావుబతుకుల్లో ఉన్నట్టు కనిపించి తేలిగ్గా కోలుకునే జబ్బులేమిటో తెలియాలి. హామ్‌స్టర్ ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. అవి వంకరపోతే ఆకలి ఉన్నా తినలేక ఎముకలు తేలుతుంది. డాక్టరు వాటిని కత్తిరిస్తే మర్నాటికే గింజ కొరుకుతుంది. బుగ్గసంచిలో ఏదో అంటుకుపోయి వాచినా అంతే, శుభ్రం చేస్తే పోతుంది. ఆడ హామ్‌స్టర్‌కి నాలుగు రోజులకోసారి తెల్లగా చిక్కటి స్రావం కావడం సహజం. దాన్ని చూసి హడలిపోనక్కర్లేదు. చెడువాసన వేస్తూ, రక్తం కలిసి, పొట్ట ఉబ్బితే మాత్రం గర్భసంచిలో చీము పట్టిందేమో చూపించాలి. ఇక మన డెల్టా ఎండలు. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి గది ఉడికిపోతే హామ్‌స్టర్ బల్లపరుపుగా పడిపోయి ఎగశ్వాస తీస్తుంది. అది వడదెబ్బ. వెంటనే నీడకి మార్చి, ఐసు ముట్టించకుండా చల్లటి నీళ్లతో చెవులూ పాదాలూ తడిపి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే బతికే అవకాశం ఉంది. సిరియాలో అలెప్పో దగ్గర పొలాల కింద లోతుగా, చల్లగా ఉండే బొరియల జీవి ఇది. 1930లో ఇజ్రాయెల్ అహరోని అనే జంతుశాస్త్రవేత్త అక్కడ తవ్వించి తీసిన ఒక తల్లి, దాని పిల్లల సంతతే ఇవాళ లోకమంతా పెంచుకుంటున్న బంగారు రంగు సిరియన్ హామ్‌స్టర్లు దాదాపు అన్నీ. కొల్లేటి ఉక్కపోత వాటి ఒంటికి పడేది కాదు.

మందుల షాపు వైద్యం గురించి గట్టిగా చెప్పాలి. పిల్లల కోసం ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్ రెండు చుక్కలు వేస్తే పోలా అనిపిస్తుంది. వెయ్యకండి. పెన్సిలిన్ జాతి మందులు, క్లిండామైసిన్, ఎరిత్రోమైసిన్ హామ్‌స్టర్ పేగుల్లో మేలుచేసే సూక్ష్మజీవుల్ని చంపేస్తాయి. ఆ ఖాళీలో విషం పుట్టించే బ్యాక్టీరియా పెరిగి, కొద్దిరోజుల్లో హామ్‌స్టర్ విరేచనాలతో చచ్చిపోతుంది. నొప్పి మాత్రలూ అంతే. 500 మిల్లీగ్రాముల మాత్రని అరవై కిలోల మనిషి లెక్కన చూసి, నలభై గ్రాముల ప్రాణికి అదే పాళ్లలో వెయ్యాలంటే మిల్లీగ్రాములో మూడో వంతు. బ్లేడుతో కోసి అంత కొలవడం ఎవరివల్లా కాదు. డాక్టరు రాసే మెలాక్సికామ్ లాంటి నొప్పి మందు కూడా ఆ రోజు తూకం చూసి లెక్కగట్టిందే అయ్యుండాలి.

ఇక మందుకి లొంగని స్థితులు. హామ్‌స్టర్ ఆయుష్షు రెండు మూడేళ్లు. ఏడాదిన్నర దాటాక గడ్డలు, గుండె జబ్బు, మూత్రపిండాలు చెడి పొట్టలో నీరు చేరడం మామూలే. కొత్తగా కొన్న పిల్లల్లో తడితోక అనే పేగు జబ్బు వస్తుంది. తోక కింద తడిసి, కంపు కొట్టే నీళ్ల విరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. దీనికి మొదటి రోజే వైద్యం మొదలైతే కొంత ఆశ ఉంటుంది. మూడో రోజుకి ఒళ్లు చల్లబడి, చర్మం పట్టి లాగితే అలాగే నిలిచిపోతున్నదానికి ఇంకా మందులు పొయ్యడం దాన్ని కష్టపెట్టడమే.

నయమయ్యే జబ్బుకీ, మందుకి లొంగని స్థితికీ మధ్య గీత ఎక్కడుంది? ఆశ్చర్యం కలిగించే విషయం, మన దేశంలో ఆ గీత రాసిపెట్టి ఉన్నది ప్రయోగశాల హామ్‌స్టర్ కోసం. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో ఎలుకలతో పాటు హామ్‌స్టర్లనీ పెంచి పరిశోధనాలయాలకి ఇచ్చేవారు. అలాంటి జంతువుల విషయంలో కేంద్ర నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. పక్షవాతం వచ్చి తనంతట తాను కదల్లేకపోతే, చుట్టూ ఏం జరుగుతోందో తెలుసుకోలేని స్థితికి వస్తే, తీవ్రమైన నొప్పి మళ్లీ మళ్లీ వస్తున్నట్టు బయటికి కనిపిస్తుంటే, ప్రయోగం ఎంత ముఖ్యమైనదైనా దానికి కారుణ్య మరణం ఇవ్వాలి. ప్రేమగా పేరు పెట్టి పెంచుకున్నదానికి మాత్రం ఇలాంటి గీత ఎవరూ రాసివ్వలేదు. అందుకే ఇంట్లో "ఇంకో రోజు చూద్దాం" అనుకుంటూ వారం గడిచిపోతుంది. హామ్‌స్టర్ ఆయుష్షులో వారం అంటే మన లెక్కలో నెలలు.

నేను గట్టిగా నమ్మేది ఇది: ఆ గీత జబ్బు తెలిసిన రోజే, డాక్టరుతో మాట్లాడి, మనసు కాస్త నిలకడగా ఉన్నప్పుడే గీసుకోవాలి. ఏడుస్తూ అర్ధరాత్రి గీసుకునేది కాదు అది. అమెరికాలో జంతువుల క్యాన్సర్ వైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ 2004లో ఒక కొలత తయారుచేశారు. నొప్పి అదుపులో ఉందా, తింటోందా, ఒంట్లో నీరు నిలుస్తోందా, శుభ్రంగా ఉండగలుగుతోందా, సంతోషం ఉందా, కదలగలుగుతోందా, చెడు రోజుల కంటే మంచి రోజులే ఎక్కువగా ఉన్నాయా అన్నవి ఏడు ప్రశ్నలు. ఒక్కోదానికి పదికి మార్కులు వేస్తే మొత్తం 35 దాటినంత కాలం సంరక్షణ కొనసాగించవచ్చు. కుక్కల్నీ పిల్లుల్నీ దృష్టిలో పెట్టుకుని చేసినదే అయినా హామ్‌స్టర్‌కి సరిపోయేట్టు మార్చుకోవచ్చు. అది తన సంతోషాన్ని మనకి తోక ఊపి చెప్పదు. రాత్రి పంజరంలోని పరుగు చక్రం ఎక్కుతోందా, కాగితాలు చింపి గూడు కట్టుకుంటోందా, ముందుకాళ్లతో మొహం తుడుచుకుంటోందా అని చూడాలి. బాధలో ఉన్న హామ్‌స్టర్ వీపు గూనిగా ఎత్తి, బొచ్చు నిక్కబొడుచుకుని, కళ్లు సగం మూసుకుని ఒక మూల కూర్చుంటుంది. ఒళ్లు దువ్వుకోవడం మానేస్తుంది కాబట్టి బొచ్చు జిడ్డుగా అట్టకడుతుంది. శ్వాసకి డొక్కలు ఎగిరిపడుతుంటే ఇక మర్నాటి దాకా ఆగకూడదు.

ముసలిదై, నొప్పి లేకుండా, ఎక్కువసేపు పడుకుంటూ, మెత్తగా చేసి పెడితే నాలుగు ముద్దలు తింటున్నదాన్ని మాత్రం దాని మానాన పోనివ్వడమే మంచిది. పరుపు కాగితం ఎక్కువ వేసి, నీళ్ల సీసా కిందికి దించి, చక్రం తీసేస్తే చాలు. చూసుకునే ఓపిక లేకో, సెలవులకి ఊరు వెళ్లాలనో డాక్టరుని మందు ఇమ్మనడం కారుణ్యం కాదు.

పాపం అన్న మాట మన ఇళ్లలో తప్పకుండా వస్తుంది. ఆ ప్రశ్నని ఈ దేశంలో గాంధీగారి కంటే బహిరంగంగా ఎదుర్కొన్నవారు లేరు. 1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ కదల్లేక, నయమయ్యే దారి లేక యాతన పడుతుంటే, ఆశ్రమవాసులతో చర్చించి, డాక్టరుని పిలిపించి, తాను దగ్గరుండి ఇంజెక్షన్‌తో దాని ప్రాణం తీయించారు. తర్వాత దాచకుండా తన పత్రికల్లో రాశారు. కోపంగా ఉత్తరాలు వచ్చిపడినా వెనక్కి తగ్గలేదు. స్వార్థంతోనో కోపంతోనో బాధపెట్టడం హింస అవుతుంది గానీ, ఆ ప్రాణి మేలు కోసమే, వేరే దారి లేనప్పుడు చేసింది హింస కాదన్నది ఆయన వాదన. ఆ దూడకి వర్తించింది హామ్‌స్టర్‌కి ఎందుకు వర్తించదో నాకు తెలియడం లేదు.

డాక్టరు గదిలో ఏం జరుగుతుందో ముందే తెలిస్తే భయం తగ్గుతుంది. హామ్‌స్టర్‌కి నరం దొరకడం కష్టం. అందుకని దాన్ని చిన్న పారదర్శకమైన డబ్బాలో ఉంచి ఐసోఫ్లూరేన్ అనే మత్తువాయువు వదులుతారు, లేదా మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. నిమిషాల్లో అది తూలి, పక్కకి ఒరిగి, పాదం గిల్లినా కదలని స్థితికి వస్తుంది. ఆ తర్వాతే ప్రాణం తీసే మందు పొట్టలోకి ఎక్కిస్తారు. గుండె ఆగిందో లేదో స్టెతస్కోపుతో చూసి గానీ మీ చేతికివ్వకూడదు. మీరు అడగాల్సింది ఒక్కటే: "డాక్టరు గారూ, ముందు పూర్తిగా స్పృహ తప్పిస్తారా అండీ?" స్పృహలో ఉన్నదానికి మెగ్నీషియం సల్ఫేటో, పొటాషియం క్లోరైడో ఎక్కించడం తప్పని అమెరికా పశువైద్యుల సంఘం మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి.

ఇంట్లో మనమే చేసేద్దామన్న ఆలోచన వద్దు. ఫ్రిజ్‌లో పెట్టడం, నీళ్లలో ముంచడం, ఎలుకల మందు పెట్టడం అన్నీ నరకయాతనలే. చల్లదనంతో ప్రశాంతంగా పోతుందనుకోవడం భ్రమ. డాక్టరు దొరకనంత సేపూ దాన్ని చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న చోట వెచ్చగా ఉంచడం మనం చేయగలిగిన మేలు.

ఉండి నుంచి ముందు భీమవరం, ఏలూరు క్లినిక్కులకి ఫోన్ చేసి హామ్‌స్టర్‌ని చూస్తారా, మత్తువాయువు ఉందా అని అడగండి. అవి కుదరకపోతే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. ప్రాణం మీదికి వచ్చినదాన్ని ఎండలో గుడివాడ మీదుగా అంతదూరం తిప్పడం కూడా బాధే కనుక, ఈ ఫోన్లన్నీ జబ్బు ముదరకముందే చేసి పెట్టుకోవాలి. మీ ఊరి పశువుల డాక్టరు గారు హామ్‌స్టర్‌ని ఎప్పుడూ చూడకపోయినా, కళాశాలలో తెలిసినవారితో ఫోన్లో మాట్లాడి మోతాదు తెలుసుకోగలరు. మొహమాటపడకుండా అడగాలి.

పిల్లలకి నిజం చెప్పండి. నిద్రపోయిందని చెబితే చిన్నవాళ్లు రాత్రి పడుకోవడానికే భయపడతారు. తగ్గని జబ్బు వచ్చింది, నొప్పి లేకుండా చనిపోయేలా డాక్టరు గారు మందిచ్చారు, ఇక రాదు అని చెప్పి, ఏడిస్తే ఏడవనివ్వాలి. మందుతో పోయిన కళేబరాన్ని కాలవలోనో చేపల చెరువు గట్టునో పడెయ్యకూడదు. ఆ మందు శరీరంలో మిగిలే ఉంటుంది, తిన్న కుక్కకీ కాకికీ గద్దకీ ప్రమాదం. మన నేలలో రెండడుగులు తవ్వితే నీళ్లూరే చోట్లు చాలా ఉన్నాయి. మెరకలో లోతుగా పూడ్చి పైన రాయి పెట్టాలి. మెరక దొరక్కపోతే పెద్ద కుండీలో మట్టి నింపి పూడ్చుకోవచ్చు. తడితోకతో పోయినదైతే చెక్క వస్తువులన్నీ పారేసి, పంజరాన్ని బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఎండబెట్టి, కొన్ని వారాలు ఆగాకే అందులోకి ఇంకో హామ్‌స్టర్‌ని తేవాలి.