ఒక్క పాయింటు నీయని జట్టు

ఫుట్‌బాల్ అనగానే మన విద్యార్థుల కన్నుల ముందు కాలితో తన్నే గుండ్రని బంతి మెదులుతుంది. మేమిక్కడ ప్రస్తావించునది అమెరికా కళాశాలల ఫుట్‌బాల్. ఆ బంతి కోలగా ఉంటుంది. దానిని చేతబట్టి, అడ్డువచ్చిన వారిని త్రోసుకొని, ప్రత్యర్థి గీత దాటించుటే అందులో ప్రధానము.

1901లో మిషిగన్ విశ్వవిద్యాలయ జట్టుకు ఫీల్డింగ్ యోస్ట్ అను ముప్పది యేండ్ల న్యాయశాస్త్ర పట్టభద్రుడు శిక్షకుడుగా వచ్చాడు. అంతకు ముందు సంవత్సరము ఆయన స్టాన్‌ఫర్డులో పనిచేశాడు. తన పూర్వ విద్యార్థులే శిక్షకులుగా ఉండవలెనని ఆ సంస్థ నిర్ణయించుటచే అచట నిలువలేకపోయాడు.

ఆ యేడు మిషిగన్ ఆడినవి 11 ఆటలు, గెలిచినవి 11. సాధించిన పాయింట్లు 550, ఇచ్చినవి సున్న. అక్టోబరు 26న బఫెలో జట్టుపై 128 పాయింట్లు వచ్చాయి!

ఇది ఎట్లు సాధ్యమైనది? బంతిని ముందుకు విసరుటకు 1906 వరకు అనుమతి లేదు. మూడు యత్నములలో ఐదు గజములు సాగవలెను. కనుక జట్లన్నీ దేహబలమునే నమ్ముకొన్నవి. యోస్ట్ వేగమును నమ్మాడు. క్రిందపడినవాడు లేచీ లేవకముందే తరువాతి ఎత్తుకు పిలుపు రావలెను. ఎదుటివారికి ఊపిరి తీయు వ్యవధి ఉండరాదు. అందుకే ఆయనకు ‘హర్రీ అప్’ అను ముద్దుపేరు వచ్చింది.

1902 జనవరి 1న, తొలి రోజ్ బౌల్‌గా నేడు లెక్కింపబడు ఆటలో, ఎదురుపడినది స్టాన్‌ఫర్డే. నీల్ స్నో అయిదు మార్లు గీత దాటాడు. మిషిగన్ పదకొండుగురు ఒక్కరైనను మారలేదు. 49–0 వద్ద, ఇంకను ఎనిమిది నిమిషములుండగా, ఆట చాలింతమని స్టాన్‌ఫర్డు నాయకుడే కోరాడు. నిర్వాహకులు మరల 1916 వరకు అచట ఫుట్‌బాల్ తలపెట్టలేదు. కొన్నేండ్లు రథాల పందెములతో సరిపుచ్చుకొన్నారు!

ఇంతటితో ముగించిన కథ అందముగానే ఉండును. కాని సగమే చెప్పినట్లగును. మిషిగన్ జట్టులో 1890లోనే జార్జి జ్యువెట్ అను నల్లజాతి విద్యార్థి ఆడాడు. 1892 తరువాత నలుబది యేండ్లు మరొక నల్లజాతి ఆటగానికి ఆ జట్టు గౌరవచిహ్నము దక్కలేదు. ఆ కాలములో అధిక భాగము యోస్ట్ పెత్తనమే నడిచింది. 1932లో విల్లిస్ వార్డు వచ్చాడు. 1934లో జార్జియా టెక్ జట్టు నల్లవానితో ఆడమన్నది. విద్యార్థులు నిరసించినను, యోస్ట్ క్రీడాధికారిగా ఉన్న మిషిగన్ వార్డును ఆ ఆటకు దూరముగా ఉంచింది. ఆ యేడు ఎనిమిది ఆటలలో మిషిగన్ ఏడు ఓడింది. గెలిచినది వార్డు లేని ఆ యొక్క ఆటయే.