కరెంటు పోతే కంగారెందుకు?

ఠక్కున కరెంటు పోతుంది. "అమ్మా, అగ్గిపెట్టె ఎక్కడే?", "టార్చిలైటు ఎక్కడ పెట్టావ్?", "అన్నం అయిందా?" అంటూ అన్ని గదుల్లోంచీ ప్రశ్నలు మన మీదకే వస్తాయి. చీకట్లో కూడా వస్తువులు కనిపించే కళ్ళు ఇల్లాలికి మాత్రమే ఉన్నాయని ఇంటిల్లిపాదికీ గట్టి నమ్మకం మరి!

గంటో, రెండు గంటలో అయితే విసనకర్రతో గడిపేస్తాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మాత్రం కరెంటంటే ఒక్క దీపమే కాదని విశాఖ జిల్లా వాళ్ళకి బాగా తెలిసొచ్చింది. గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచిన గాలికి వేలాది స్తంభాలు నేలకూలాయి. చాలా ఊళ్ళలో రోజుల తరబడి చీకటే. మోటార్లు ఆడక నీళ్ళకి కటకట, సెల్‌ఫోన్లు మూగబోయాయి, పాల పాకెట్టు కోసం పరుగులు. మా చోడవరం 2022లో అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. అయినా తుపాను గాలికి జిల్లా సరిహద్దులు తెలుస్తాయా? అక్టోబరు, నవంబరు వస్తున్నాయంటే మన జాగ్రత్తలో మనం ఉండాల్సిందే.

వెలుతురు కోసం...

టార్చిలైటు వంటింట్లో ఒకటి, పెద్దవాళ్ళ మంచం దగ్గర ఒకటి ఉంచండి. వాడనప్పుడు బ్యాటరీలు తీసి విడిగా పెట్టండి, లేకపోతే లోపలే కారిపోతాయి. చార్జింగ్ లైటుకి నెలకోసారైనా చార్జింగ్ పెట్టాలి. లాంతర్లకి కిరసనాయిలు దొరకడం ఇప్పుడు గగనమే గానీ ప్రమిదలు, వత్తులు, నూనె అందరిళ్ళలోనూ ఉంటాయి. వెడల్పాటి పళ్ళెంలో ఇసుక పోసి మధ్యలో ప్రమిద పెట్టండి. కొవ్వొత్తిని కర్టెన్ల పక్కన వెలిగించొద్దు.

ఇన్వర్టరు ఉన్నవాళ్ళు ఓ లెక్క గుర్తుంచుకోండి. 150 ఏహెచ్ బ్యాటరీ మంచి స్థితిలో ఉంటే 75 వాట్ల ఫ్యాన్లు రెండు, 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు నాలుగు ఆరేడు గంటలు నడుస్తాయి. ఒక ఫ్యాను ఆపేసి అందరూ ఒకే గదిలో పడుకుంటే తెల్లారేదాకా వస్తుంది.

వంటింట్లో...

ఇండక్షన్ పొయ్యి ఉంది కదా అని గ్యాసు బుక్ చెయ్యడం మానకండి. రెండు వేల వాట్లు లాగే ఆ పొయ్యిని మామూలు ఇన్వర్టరు మొయ్యలేదు. మిక్సీ ఆడదు కాబట్టి కందిపొడి, కరివేపాకు పొడి ముందే చేసిపెట్టుకుంటే ఆవకాయ ఎలాగూ ఉంటుంది. అటుకులు, మరమరాలు, వేరుశనగ గుళ్ళు, మన అనకాపల్లి బెల్లం ఉంటే పొయ్యి వెలిగించకుండానే పిల్లల ఆకలి తీరుతుంది. అగ్గిపెట్టెలు బిగుతు మూత డబ్బాలో దాచండి.

ఫ్రిజ్ తలుపు తియ్యకుండా ఉంచితే చల్లదనం నాలుగు గంటల దాకా నిలుస్తుంది. మంచినీళ్ళు మనిషికి రోజుకి నాలుగైదు లీటర్ల లెక్కన మూడు రోజులకి పట్టి ఉంచండి.

ప్రాణం కంటే ఎక్కువా?

బొగ్గుల కుంపటి మూసిన గదిలో వెలిగించొద్దు. జనరేటరు ఇంట్లోనే కాదు, వరండాలో కూడా వద్దు. వాటినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గ్యాసు వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా తలుపులు తెరిచి, బయటికొచ్చి 1906కి ఫోన్ చెయ్యండి. తెగిపడిన కరెంటు తీగ కనిపిస్తే దూరంగా ఉండి 1912కి చెప్పండి.

ఇన్సులిన్ వాడేవాళ్ళుంటే మట్టికుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న ముంత దించి, కవర్లో చుట్టిన సీసా అందులో పెట్టండి. ఐసుకి నేరుగా తగలనివ్వొద్దు. గడ్డకడితే అది పనికిరాదు. వాడుతున్న సీసా బయట ఎన్నాళ్ళు నిలుస్తుందో డాక్టరుగారిని ముందే అడిగి రాసి పెట్టుకోండి.

ఇన్ని సర్దినా, ఏది ఎక్కడుందో మనకొక్కరికే తెలిస్తే ఏం లాభం? ఓ ఆదివారం రాత్రి పావుగంట మెయిన్ ఆపేసి, శ్రీవారిని టార్చి వెతకమనండి, పెద్దపిల్లల్ని టీ పెట్టమనండి. మనం ఇంట్లో లేని రోజున కూడా కరెంటు పోతుంది కదా!