చెక్కపీచు గిటారు

వీణకు పనసకొయ్య కావలెను. కొయ్య పలికిననే వీణ పలుకును. విద్యుత్ గిటారు ధర్మము వేరు. ఉక్కుతీగ అయస్కాంతముపై కంపించగా, దానిచుట్టు చుట్టిన రాగితీగలో సన్నని విద్యుత్తు పుట్టును. ఆంప్లిఫైయరు దానిని పెంచి వినిపించును.

ఈ మర్మమును బాగుగా వాడుకొన్నవాడు అమెరికాలో డేన్‌ఎలక్ట్రో కంపెనీని నడిపిన నాథన్ డేనియల్. 1960ల ఆరంభమున సియర్స్ దుకాణములకు ఆయన చేసి యిచ్చిన సిల్వర్‌టోన్ గిటారు ధర 70 డాలర్లలోపే. దానిని దాచుకొను పెట్టెయే ఆంప్లిఫైయరు! కొయ్యచట్రమునకు బిగించినది మేసొనైటు, అనగా చెక్కపీచును నొక్కి గట్టిపరచిన పలక. అయస్కాంతమునకు తొడుగు పెదవిరంగు కడ్డీలకు వాడు లోహపు గొట్టము. నవ్వవలసిన పని లేదు. దాని స్వరము గంటవలె తేటగా నుండును. లెడ్ జెప్లిన్ బృందపు జిమ్మీ పేజ్ సైతము డేన్‌ఎలక్ట్రోను వేదికపై వాయించెను.

లోపము లేకపోలేదు. తీగలు ఆను గుర్రముపై ఉన్నది ఒకే కొయ్యముక్క. ఏ తీగకాతీగ పొడవు సరిచేయ వీలులేదు. వీణమెట్లను మైనము కరిగించి జరుపవచ్చును, గిటారుమెట్లు మెడలో దిగగొట్టినవి. కావున నేడు చవక గిటారు కొనబోవు విద్యార్థి రంగునకు మురియక, పన్నెండవ మెట్టున తీగ నొక్కి మీటి చూడవలెను. విడితీగ స్వరమే పైస్థాయిలో పలుకవలెను. తీగలు మరీ ఎత్తున నున్నచో వ్రేళ్లు నొచ్చి, నెలలోపే గిటారు గోడకెక్కును.

డేన్‌ఎలక్ట్రో కర్మాగారము 1969లో మూతపడెను. ఆనాటి చెక్కపీచు గిటార్లకు సేకరణకర్తలు నేడు తొలిధరకు కొన్ని రెట్లు చెల్లించుచున్నారు.