మీకు తెలుసా? నంద్యాల ఎండ సిమ్యులేటర్‌కు పట్టదు

సర్క్యూట్‌ను చేతితో కట్టకముందే కంప్యూటర్‌లో నడిపి చూసే స్పైస్ ప్రోగ్రాంకు, మనం ప్రత్యేకంగా చెప్పకపోతే, ఏడాది పొడుగునా ఉష్ణోగ్రత 27 డిగ్రీలే. నంద్యాలలో మే నెల మధ్యాహ్నం 43, 44 డిగ్రీలు మామూలే. ఇక రేకు డబ్బాలో మూత బిగించిన ఆంప్లిఫయర్ లోపలి సంగతి అడక్కండి.

ఈ తేడా లెక్కలోకి రానిదేం కాదు. సిలికాన్ ట్రాన్సిస్టర్‌లో బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్య కావాల్సిన వోల్టేజీ, ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. 27 నుంచి 44కి వెళ్తే 34 మిల్లీవోల్టులు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ పైనుంచి ఇచ్చే వోల్టేజీని కదలకుండా పట్టి ఉంచితే, ఆ కాస్త తేడాకే కరెంటు మూడు రెట్లు దాటుతుంది. తెరమీద బుద్ధిగా పనిచేసిన సర్క్యూట్ బల్లమీద మొరాయించడానికి ఇదొక కారణం. అసలు కారణం వేరే ఉంది.

ఒకే నంబరు అచ్చువేసిన రెండు ట్రాన్సిస్టర్లు ఒకేలా ఉండవు. ఈసీఈ చదివినవాళ్లకు బీసీ107 గుర్తుండే ఉంటుంది. లోహపు టోపీ, మూడు కాళ్లు, టోపీ అంచున చిన్న ముక్కు, ఆ ముక్కు పక్కన ఉన్న కాలు ఎమిటర్. దాని డేటాషీటులో కరెంటు గెయిన్, అంటే బేస్ కరెంటుకు కలెక్టర్ కరెంటు ఎన్ని రెట్లో చెప్పే అంకె, 110 నుంచి 450 వరకు అని ఉంటుంది. దాని ప్లాస్టిక్ తమ్ముడు బీసీ547కైతే ఏకంగా 110 నుంచి 800 వరకు. ఫ్యాక్టరీలో తయారయ్యాక ఒక్కోదాన్నీ కొలిచి, 110 నుంచి 220 వరకు ఉన్నవాటికి ఏ, 200 నుంచి 450 వరకు ఉంటే బీ, 420 నుంచి 800 వరకు ఉంటే సీ అని అక్షరం తగిలిస్తారు. ఆ అక్షరం చూడకుండా కొంటే మీ అదృష్టం.

నమ్మకం కుదరకపోతే మల్టీమీటర్‌లో ట్రాన్సిస్టర్ గుచ్చే గుండ్రటి సాకెట్ ఉంటుంది చూడండి, అందులో ఒక్కోటి పెట్టి చూడండి. ఒకటి 230 అంటుంది, ఇంకొకటి 310 అంటుంది. ఇంకో తమాషా కూడా ఉంది. సాకెట్‌లో ఉండగానే ట్రాన్సిస్టర్‌ను రెండు వేళ్లతో కాసేపు పట్టుకోండి. ఒంటి వేడికే అంకె మెల్లగా పైకి పాకుతుంది.

యంత్రాలతో చేసిన సరుకులో ఇంత తేడా ఎందుకు? నంద్యాల నుంచి కడప రోడ్డున ఆళ్ళగడ్డకు వెళ్తే దేవతా విగ్రహాలు చెక్కే శిల్పులుంటారు. ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఒకే కొలతకు చెక్కిన రెండు వినాయకుళ్లను పక్కపక్కన పెడితే తొండం వంపులోనో చెవి అంచులోనో వెంట్రుకవాసి తేడా దొరుకుతుంది. విగ్రహానికి అది లోపం కాదు. ట్రాన్సిస్టర్‌లో మాత్రం ఆ వెంట్రుకవాసే మొత్తం కథ. బేస్ పొర మందం ఒక మైక్రాన్ అటూ ఇటూ. కొలిమిలో వేడి కాస్త అటూ ఇటూ అయినా, సిలికాన్‌లోకి కావాలనే ఎక్కించే మలినం ఇంకే సమయం కొంచెం మారినా పొర పలచబడుతుంది, లేదా దళసరి అవుతుంది. పలచబడితే గెయిన్ పెరుగుతుంది, దళసరి అయితే పడిపోతుంది.

స్పైస్‌కు ఈ గొడవేమీ తెలియదు. అమెరికాలోని బర్క్‌లీలో ప్రొఫెసర్ డొనాల్డ్ పెడర్సన్ దగ్గర పరిశోధన చేసిన లారెన్స్ నేగల్ తయారుచేసిన ఈ ప్రోగ్రాంను 1973లో కెనడాలోని వాటర్లూలో జరిగిన సదస్సులో మొదటిసారి బయటపెట్టారు. దాన్ని ఎవరైనా వాడుకునేలా వదిలేశారు కాబట్టే పీస్పైస్, ఎల్‌టీస్పైస్, ఎన్‌జీస్పైస్ అని ఇంత సంతానం. అందులో మోడల్ అంకెలు ఇవ్వకుండా ఉత్త ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ గుర్తు పెట్టి వదిలేస్తే, గెయిన్ సరిగ్గా 100 అనుకుంటుంది. 99 కాదు, 101 కాదు.

కంపెనీ ఇచ్చిన మోడల్ పెడితే మెరుగే. 1970లో బెల్ ల్యాబ్స్‌లో గమ్మెల్, పూన్ అనే ఇద్దరు రాసిన సమీకరణాలే ఈ మోడళ్లకు నేటికీ ఆధారం. నలభై దాకా అంకెలుంటాయి. కానీ ఆ నలభైలో ప్రతిదానికీ ఒక్క విలువే. అది సగటు ట్రాన్సిస్టర్. మీ డబ్బాలో ఉన్నది కాదు.

ఒకే ట్రాన్సిస్టర్ ఉన్న ఆంప్లిఫయర్‌తో లెక్క వేసి చూద్దాం. 12 వోల్టుల సప్లై, కలెక్టర్‌లో 2.2 కిలో ఓముల రెసిస్టర్, బేస్‌కు సప్లై నుంచి నేరుగా 1 మెగా ఓము. గెయిన్ 200 అయితే కలెక్టర్ దగ్గర 7 వోల్టులు, సుమారు మధ్యలో, బాగుంది. అదే చోట 110 ఉన్నది పెడితే వోల్టేజీ 9 దాటిపోతుంది. 450 ఉన్నది పెడితే 1 వోల్టు లోపుకు దిగి, శబ్దం గరగరలాడుతుంది. ఇప్పుడు ఆ 1 మెగా ఓము తీసేసి, బేస్‌కు 47, 12 కిలో ఓముల జత పెట్టి, ఎమిటర్ కింద 820 ఓములు తగిలించండి. గెయిన్ 110 అయితే కరెంటు 1.9 మిల్లీ ఆంపియర్లు, 450 అయితే 2.06. గెయిన్ నాలుగు రెట్లు మారినా కరెంటు తొమ్మిది శాతం కూడా మారలేదు. ఆ చిన్న ఎమిటర్ రెసిస్టర్‌కు ల్యాబ్ రికార్డు పుస్తకంలో రావాల్సినంత మర్యాద రాలేదని నా ఉద్దేశం.

రికార్డు అంటే గుర్తొచ్చింది. జేఎన్‌టీయూ సిలబస్‌లో ఇదే ఆంప్లిఫయర్‌ను ముందు కంప్యూటర్‌లో నడిపి, తర్వాత బ్రెడ్‌బోర్డు మీద కట్టమంటారు. రెండు అంకెలూ కలవకపోతే కలిసేలా సర్దేయడం ఏ ఊరి ల్యాబులోనైనా ఉన్న పాత అలవాటే. కలవని ఆ అంకెలోనే అసలు పాఠం ఉంది. మార్కులు మాత్రం కలిసినవాడికే.

ఈ తేడాలను సిమ్యులేటర్‌కు నేర్పే దారి కూడా ఉంది, దాని పేరు మాంటీ కార్లో. 1946లో జబ్బు నుంచి కోలుకుంటూ పేకముక్కలతో ఒంటరి ఆట ఆడుతున్న స్టానిస్లా ఉలామ్‌కు, గెలిచే అవకాశం లెక్కకట్టడం కన్నా వందసార్లు ఆడి చూడటం తేలిక కదా అని తట్టింది. జూదం కోసం మాంటీ కార్లో వెళ్లే ఆయన బంధువు పుణ్యమా అని ఆ పద్ధతికి ఆ ఊరి పేరే పెట్టారు. ఇప్పుడు చిప్ ఇంజినీర్లు చేసేదీ అదే. గెయిన్‌ను, రెసిస్టర్లను, ట్రాన్సిస్టర్లు ఆన్ అయ్యే అంచు వోల్టేజీలను డేటాషీటు హద్దుల మధ్య చిత్తుబొత్తుగా మారుస్తూ ఒకే సర్క్యూట్‌ను వెయ్యిసార్లు నడిపి, ఎన్నిసార్లు చెడిందో చూస్తారు.

చిప్ లోపల పక్కపక్కనే పుట్టిన ట్రాన్సిస్టర్లు చాలావరకు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. చాలావరకే. ఫిలిప్స్ ఇంజినీరు మార్సెల్ పెల్‌గ్రోమ్, సహచరులు 1989లో చెప్పిన సూత్రం ప్రకారం, జత మధ్య తేడాను సగం చేయాలంటే ఒక్కోదాని వైశాల్యం నాలుగింతలు పెంచాలి. చిన్నదవుతున్నకొద్దీ పోలిక చెడుతుంది. మరీ చిన్న ట్రాన్సిస్టర్లలో కరెంటు పారే దారిలో మలినపు అణువులు పదుల్లోనే ఉంటాయి. నాలుగు ఎక్కువ పడినా, నాలుగు తక్కువ పడినా గుణం మారిపోతుంది.

మన దగ్గరికే వద్దాం. ఆళ్ళగడ్డ, నంద్యాల మీదుగా కర్నూలు వెళ్లే జాతీయ రహదారి మీదే ఓర్వకల్లు ఉంది. అక్కడ 14,000 కోట్ల రూపాయలతో సిలికాన్ కార్బైడ్ చిప్పుల ఫ్యాక్టరీ పెట్టేందుకు, జపాన్‌కు చెందిన యిటోవా మైక్రో టెక్నాలజీతో కలిసి ఇండిచిప్ సంస్థ 2025లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. ఎలక్ట్రిక్ కార్ల ఇన్వర్టర్లలో వాడే రకం చిప్పులివి. వీటికి ఆన్ అయ్యే అంచు వోల్టేజీ కనిష్ఠం 1.8, గరిష్ఠం 3.6 అని రాసిన డేటాషీట్లున్నాయి. కారులో ఇలాంటి చిప్పులు కొన్నింటిని పక్కపక్కన కలిపి వాడతారు. అంచు వోల్టేజీ తక్కువున్నది ముందు మేలుకుని, మిగతావాటి వంతు కరెంటు కూడా మోసి, వేడెక్కుతుంది. వేడెక్కాక దాని వోల్టేజీ ఇంకా దిగి, మరుసటిసారి ఇంకా ముందే మేలుకుంటుంది. కంప్యూటర్‌లో ఒకే మోడల్‌ను ఆరుసార్లు కాపీ చేసి పెడితే మాత్రం ఆరూ కరెంటును సమానంగా పంచుకుంటాయి, ఏ తేడా కనపడదు.