పాత వేక్‌బోర్డు పడవ కొనుగోలు, ట్రైలరుపై రవాణా

వేక్‌బోర్డు పడవ అనగా వేక్‌బోర్డింగ్ అనే జలక్రీడ కొరకు ప్రత్యేకంగా నిర్మించబడిన మోటారు పడవ. పడవ ముందుకు సాగినపుడు దాని వెనుక నీటిలో లేచే అలల జాడను ఆంగ్లంలో 'వేక్' అంటారు. ఆటగాడు పాదాలను ఒక పలకకు బిగించుకొని, పడవకు కట్టిన తాడును పట్టుకొని, ఈ అల మీదుగా గాలిలోకి ఎగురుతాడు. ఈ పడవల వాడకం అమెరికా సంయుక్త రాష్ట్రాలలో అధికం. కొత్త పడవ ధర లక్ష డాలర్లు దాటడం సాధారణమైపోయినందున చాలామంది వాడిన పడవనే కొంటారు. దానిని ఇంటివద్ద ఉంచుకొని, సెలవు దినాలలో కారు వెనుక ట్రైలరుపై సరస్సుకు తీసుకొని వెళతారు. కనుక కొనుగోలుదారుడు ఒకే బేరంలో రెండు వాహనాలు కొంటున్నాడని గ్రహించవలెను. పడవను గంటల తరబడి పరిశీలించి, దాని క్రింద ఉన్న ట్రైలరును కన్నెత్తి చూడకపోవడం తరచుగా జరిగే పొరపాటు. సరస్సులో ఇంజను ఆగిపోతే మరొక పడవ వచ్చి ఒడ్డుకు లాగుతుంది. హైవేపై ట్రైలరు విడిపోతే ఆ దారిన పోయే వారి ప్రాణాలకే ముప్పు.

ఈ వ్యాసంలో నియమాలకు టెక్సాస్ రాష్ట్రాన్ని ఉదాహరణగా తీసుకోవడం జరిగింది. డల్లాస్ నగర పరిసరాలలో తెలుగు కుటుంబాలు అధిక సంఖ్యలో నివసిస్తున్నాయి. లూయిస్‌విల్, లవాన్, టెక్సోమా వంటి సరస్సులు వారికి అందుబాటులో ఉన్నాయి. ఇతర రాష్ట్రాలలో నియమాలు కొంత భిన్నంగా ఉంటాయి.

నేపథ్యం

నీటిపై స్కీయింగ్‌కు ఆద్యుడుగా రాల్ఫ్ శామ్యూల్‌సన్‌ను పేర్కొంటారు. ఇతడు 1922లో మిన్నెసోటా రాష్ట్రంలోని పెపిన్ సరస్సుపై రెండు చెక్కపలకలతో ఈ విద్యను సాధించాడు. స్కీయింగ్, సర్ఫింగ్, మంచుపై ఆడే స్నోబోర్డింగ్ కలగలిసి 1980లలో వేక్‌బోర్డింగ్ రూపు దిద్దుకొన్నది. స్కీయింగ్‌కు అల ఎంత చిన్నదైతే అంత మేలు. వేక్‌బోర్డింగ్‌కు అల పెద్దదిగా ఉండవలెను. ఈ ఒక్క తేడా వలన పడవ నిర్మాణమే మారిపోయినది.

నిర్మాణం

స్కీ పడవలో ఇంజను మధ్యభాగంలో ఉండి నేరుగా ప్రొపెల్లరును త్రిప్పుతుంది. వేక్‌బోర్డు పడవలలో ఎక్కువ వాటికి 'వి-డ్రైవ్' అమరిక కలదు. ఇందులో ఇంజను పడవ వెనుక భాగంలో ఉంటుంది. దాని నుండి శక్తి ముందుకు వెళ్ళి, ఒక గేరు పెట్టెలో మలుపు తిరిగి, తిరిగి వెనుకకు ప్రొపెల్లరును చేరుతుంది. ఇంజను బరువు వెనుక ఉన్నందున పడవ వెనుక భాగం లోతుగా మునిగి అల పెద్దదవుతుంది. ఈ పడవలలో ప్రొపెల్లరు అడుగుభాగాన దాగి ఉంటుంది కనుక, వెనుక బయటకు పొడుచుకొని వచ్చే మోటారు గల పడవల కంటె ఈ ఆటకు ఇవి క్షేమకరం.

అల మరింత పెరగడానికి పడవలోని తొట్లలోనికో, పెద్ద రబ్బరు సంచులలోనికో సరస్సు నీటినే పంపుతో ఎక్కిస్తారు. దీనిని 'బ్యాలస్ట్' అంటారు. తాడును ఎత్తున కట్టడానికి పడవపై టవర్ అనే లోహపు చట్రం ఉంటుంది. ఈ రెండూ రోడ్డుపై ప్రయాణానికి సంబంధించిన విషయాలు కూడా.

కొనేముందు పరిశీలన

పడవ వయస్సును కారు వలె మైళ్ళలో కాక ఇంజను నడిచిన గంటలలో లెక్కిస్తారు. అయితే గంటలు తక్కువ ఉన్నంత మాత్రాన పడవ మంచిదని చెప్పలేము. ఏళ్ళ తరబడి కదలకుండా పడి ఉన్న ఇంజనులో రబ్బరు గొట్టాలు పగులుతాయి, పెట్రోలు జిగురుగా మారుతుంది. క్రమంగా నడుస్తూ, ప్రతి సంవత్సరం నూనె మార్చిన రసీదులు ఉన్న పడవ ఇంతకంటె నమ్మదగినది.

చలికాలపు గడ్డకట్టు వలన కలిగే నష్టం అన్నిటికంటె ఖరీదైనది. ఈ ఇంజనులలో చాలావాటిని సరస్సు నీరే చల్లబరుస్తుంది. శీతాకాలానికి ముందు ఆ నీటిని పూర్తిగా తీసివేయకపోతే, అది గడ్డకట్టి వ్యాకోచించి ఇంజను దిమ్మెనే పగులగొడుతుంది. టెక్సాస్‌లో చలి తక్కువని అశ్రద్ధ చేసేవారు ఉంటారు. 2021 ఫిబ్రవరిలో రాష్ట్రమంతటా వచ్చిన తీవ్రమైన చలి వంటిది ఒక్కటి చాలు. నూనె కొలిచే కడ్డీని బయటకు తీసి చూసినపుడు నూనె పాలు కలిపిన తేనీరు రంగులో ఉంటే, నీరు నూనెలో కలిసినదని అర్థం. అటువంటి పడవ బేరాన్ని అక్కడితో విడిచిపెట్టడం మేలు.

అడుగుభాగాన పొడవునా ఉండి పడవకు బలాన్నిచ్చే దూలాలను స్ట్రింగర్లు అంటారు. 1990లకు ముందు నాటి పడవలు పెక్కింటిలో ఇవి ఫైబరు పూత పూసిన చెక్కవి. పూతలో చిన్న చీలిక ద్వారా నీరు చేరితే, పైకి ఏమీ కనబడకుండానే లోపల చెక్క కుళ్ళిపోతుంది. ఇంజనును బిగించిన బోల్టులు వదులుగా తిరగడం, నేల మెత్తగా అణగడం దీనికి గుర్తులు. ప్రొపెల్లరు రెక్కల అంచులు, ఇరుసు, చుక్కాని కూడా చూడవలెను. ఇసుకకో రాతికో తగిలిన పడవ నడిచేటపుడు కంపిస్తుంది.

నీటిలో నడిపి చూడకుండా పడవను కొనరాదు. అమ్మేవారు ముందుగానే ఇంజనును వేడి చేసి ఉంచితే, చల్లారిన తరువాత మరల వచ్చి చూడడం మంచిది. ఇంజను లోపల ఉండే పడవలలో పెట్రోలు ఆవిరి అడుగున పేరుకొని ప్రేలవచ్చును. అందుచేత ఇంజను మూత ఎత్తి వాసన చూచి, ఆ ఆవిరిని బయటకు తోసే పంకాను కనీసం 4 నిమిషాలు నడిపిన పిదపనే తాళంచెవి త్రిప్పవలెను. బ్యాలస్ట్ తొట్లను నింపి, ఖాళీ చేసి చూడవలెను. పెద్ద మొత్తం చెల్లిస్తున్నపుడు వృత్తినిపుణుడైన పడవ పరిశీలకునికి (సర్వేయరు) రుసుము ఇచ్చి చూపించుకోవడం దుబారా కాదు.

పత్రాలు

1972 నవంబరు తరువాత అమెరికాలో తయారైన ప్రతి పడవకు 12 అక్షరాంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. దీనిని పడవ వెనుక పలకపై కుడివైపున చెక్కుతారు. ప్రస్తుత పద్ధతిలో చివరి నాలుగు అక్షరాంకెలు తయారీ కాలాన్ని తెలుపుతాయి. ఉదాహరణకు చివర 'డి405' అని ఉంటే, నెలలకు ఎ, బి, సి, డి వరుస కనుక ఏప్రిల్ నెల, 2004వ సంవత్సరం, 2005 మోడలు అని చదువుకోవలెను. ఈ సంఖ్య యాజమాన్య పత్రంలోని సంఖ్యతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవలెను.

టెక్సాస్‌లో పడవ యాజమాన్య పత్రాన్ని రాష్ట్ర ఉద్యానవనాలు, వన్యప్రాణి శాఖ జారీ చేస్తుంది. ట్రైలరు నమోదు మాత్రం కౌంటీ పన్ను కార్యాలయంలో జరుగుతుంది. అమ్మేవారి వద్ద పడవ పత్రం ఉండి ట్రైలరు పత్రం లేకపోతే, సొమ్ము చెల్లించక ముందే ఆ చిక్కు తీర్చుకోవలెను. పడవపై బ్యాంకు ఋణం మిగిలి ఉన్నదేమో కూడా విచారించవలెను.

బరువు లెక్క

ప్రమాదానికి మూలం చాలావరకు ఇక్కడే ఉంటుంది. కరపత్రంలో ముద్రించే 'ఖాళీ బరువు' పడవకు మాత్రమే చెందినది. రోడ్డుపై కారు లాగేది అంతకంటె చాలా ఎక్కువ. సుమారు 22 అడుగుల పడవ ఒకటి తీసుకొందాం. ఖాళీ బరువు 4,200 పౌన్లు, ట్రైలరు 1,300 పౌన్లు అనుకొందాం. తొట్టిలో 45 గ్యాలన్ల పెట్రోలు సుమారు 270 పౌన్లు. లంగరు, తాళ్ళు, పలకలు, లైఫ్ జాకెట్లు, బ్యాటరీలు, మంచుపెట్టె మొదలగునవి 400 పౌన్లు. మొత్తం 6,170 పౌన్లు, అనగా దాదాపు 2,800 కిలోగ్రాములు. ఇక ఒక గ్యాలను నీరు 8.34 పౌన్లు తూగుతుంది. బ్యాలస్ట్ తొట్లలో 150 గ్యాలన్లు మరచిపోయి బయలుదేరితే మరో 1,250 పౌన్లు చేరి మొత్తం 7,400 పౌన్లు దాటుతుంది.

మధ్యతరహా ఎస్‌యూవీలలో చాలావాటి లాగే పరిమితి 5,000 పౌన్లు, మినీవ్యానులకు 3,500 పౌన్లు. కరపత్రంలోని 4,200 అంకెను మాత్రమే చూసినవారు తమ 5,000 పౌన్ల ఎస్‌యూవీ చాలునని భ్రమపడతారు. ఆ వాహనం పడవను కదిలించగలదు, చదునైన రోడ్డుపై లాగనూ గలదు. ఆపవలసి వచ్చినపుడు మాత్రం శక్తి చాలదు. పైగా కారులో కూర్చొనే మనుషులు, వెనుక పెట్టే సామాను పెరిగినకొద్దీ ఈ పరిమితి ఇంకా తగ్గుతుంది. అనుమానం ఉంటే పడవతో సహా ట్రక్కు స్టాపులోని కాటాపై తూకం వేయించుకోవచ్చును. కొద్ది డాలర్లతో పోయే పని.

మొత్తం బరువుతోపాటు అది పంచబడే తీరు కూడా ముఖ్యం. ట్రైలరు ముందుకొన కారు కొక్కెంపై మోపే భారాన్ని 'టంగ్ వెయిట్' అంటారు. మన పల్లెలలో ఎడ్లబండి తోలినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. సరుకు వెనుకకు పేర్చితే నొగ పైకి లేచి కాడి ఎద్దుల మెడలను వదిలి ఎగురుతుంది. ముందుకు పేర్చితే ఎద్దుల మెడలు కుంగుతాయి. ట్రైలరుకూ ఇదే సూత్రం. ముందుకొనపై భారం తక్కువైతే వేగం పెరిగినకొద్దీ ట్రైలరు పాము వలె అటూ ఇటూ ఊగుతుంది. ఎక్కువైతే కారు వెనుక భాగం కుంగి, ముందు చక్రాలు తేలికై, స్టీరింగు పట్టు తప్పుతుంది. ఈ భారం మొత్తం బరువులో సుమారు పదవ వంతు ఉండడం సాధారణ నియమం. ట్రైలరు తయారీదారు వేరుగా చెప్పినచో దానినే పాటించవలెను.

ట్రైలరు పరిశీలన

టైరు ప్రక్కగోడపై తయారీ కాలం నాలుగు అంకెలలో ఉంటుంది. 2317 అని ఉంటే 2017వ సంవత్సరం 23వ వారం. ట్రైలరు టైర్లు అరుగుదల కంటె ముందుగా ఎండ వలన, నిలువ వలన చెడిపోతాయి. గీతలు క్రొత్తగా కనిపించినా ఆరేళ్ళు దాటిన టైర్లను మార్చడమే మంచిది. వీటిలో చాలా రకాలకు గంటకు 65 మైళ్ళే పరిమితి. కారు టైర్లను వీటికి బదులు వాడరాదు.

చక్రాల బేరింగులది మరొక కథ. హైవేపై వేడెక్కిన చక్రపు కుండను వెంటనే చల్లని సరస్సులో ముంచితే, లోపలి గాలి సంకోచించి నీటిని లోనికి పీల్చుకొంటుంది. గ్రీజు నీటితో కలిసి, బేరింగు తుప్పుపట్టి, ఒకనాడు బిగుసుకొనిపోయి చక్రమే ఊడిపోతుంది. చక్రాన్ని పైకెత్తి చేతితో త్రిప్పితే గరగరమనే శబ్దం రాకూడదు, అటూ ఇటూ ఊపితే కదలకూడదు. ప్రయాణం మధ్యలో ఆగినపుడు చక్రపు మధ్యభాగాన్ని చేతితో తాకి చూడడం పాత అలవాటే అయినా నేటికీ పనికివచ్చే అలవాటు. చేయి పెట్టలేనంత వేడి ఉంటే ముందుకు కదలరాదు.

టెక్సాస్‌లో మొత్తం బరువు 4,500 పౌన్లు దాటిన ట్రైలరుకు సొంత బ్రేకులు ఉండవలెను. పడవ ట్రైలరులలో ఎక్కువగా 'సర్జ్' బ్రేకులు ఉంటాయి. కారు వేగం తగ్గినపుడు ట్రైలరు ముందుకు నెట్టుకొని వస్తుంది. ఆ ఒత్తిడే ముందుకొనలోని సిలిండరును నొక్కి బ్రేకు వేస్తుంది. నీటిలో మునుగుతూ ఉండడం వలన ఇవి తుప్పుపట్టి, పని చేయడం మానినా యజమానికి తెలియకపోవచ్చును. కనుక కొనేముందు నిపుణునితో చక్రాలు విప్పించి చూడవలెను.

దారిలో

కొక్కెపు గుండు (బాల్) పరిమాణం ట్రైలరుపై ముద్రించినదానితో సరిపోవలెను. 2 అంగుళాల కప్లరులో 1⅞ అంగుళాల గుండు చక్కగా కూర్చున్నట్లే కనిపించి, గతుకు వచ్చినపుడు విడిపోతుంది. బిగించిన తరువాత ట్రైలరు జాకీని కొంచెం పైకెత్తి, దానితో కారు వెనుక భాగం కూడా లేచునో లేదో చూడడం సులువైన పరీక్ష. రెండు రక్షణ గొలుసులను కప్లరు క్రింద అడ్డంగా, ఒకదానిపై ఒకటి దాటునట్లు తగిలించవలెను. కప్లరు విడిపోయినా ముందుకొన నేలను తాకకుండా ఆ గొలుసుల ఉయ్యాలలో నిలుస్తుంది. పడవ ముక్కును వించి పట్టీతోను, దానికి తోడు వేరొక గొలుసుతోను, వెనుక భాగాన్ని రెండు పట్టీలతోను ట్రైలరుకు కట్టవలెను. వించి పట్టీ ఒక్కటే చాలదు.

టవరును మడిచి బిగించి, పలకలు, మెత్తలు గాలికి ఎగిరిపోకుండా లోపల పెట్టవలెను. ఊగుడు మొదలైతే కంగారుపడి కారు బ్రేకు గట్టిగా నొక్కరాదు. స్టీరింగును నిటారుగా పట్టుకొని, యాక్సిలరేటరు మీద నుండి కాలు మెల్లగా తీసి వేగం తగ్గనివ్వవలెను. తరువాత సురక్షితమైన చోట ఆగి బరువును సరిచేసుకోవలెను. అదే వేగంతో మరల ప్రయాణించడం తెలివైన పని కాదు.

ర్యాంపు వద్ద

సరస్సు ఒడ్డున పడవను దించే వాలును ర్యాంపు అంటారు. వెనుకకు నడపడం మొదట్లో అందరికీ తికమకగానే ఉంటుంది. స్టీరింగు అడుగుభాగాన చేయి ఉంచి, ట్రైలరు ఎటు పోవలెనో అటే చేతిని కదిపితే సరిపోతుంది. ఖాళీగా ఉన్న వాహన స్థలంలో ఒక ఉదయం అభ్యాసం చేసి రావడం మంచిది. నీటిలోకి దించకముందు లైట్ల తీగను విడదీసి, చక్రాలు చల్లారేవరకు కొద్దిసేపు ఆగవలెను. పడవ అడుగున నీరు పోవు రంధ్రానికి బిరడా బిగించినదీ లేనిదీ చూడవలెను. దీనిని మరచి పడవను ముంచినవారిలో అనుభవజ్ఞులూ ఉన్నారు. వాలుపై పాచి జారుతుంది కనుక పిల్లలను కారులో కూర్చోబెట్టి ఉంచరాదు, ట్రైలరు వెనుక నిలబడనీయరాదు.

తిరుగు ప్రయాణానికి ముందు బిరడా తీసి, బ్యాలస్ట్ తొట్లతో సహా నీరంతా వదలివేయవలెను. ఇది బరువు కొరకు మాత్రమే కాదు. 2009లో టెక్సోమా సరస్సులో జీబ్రా ఆల్చిప్పలు కనబడ్డాయి. కంటికి కనబడని వీటి పిల్లలు పడవలో మిగిలిన నీటి ద్వారా వేరొక సరస్సుకు చేరి, మంచినీటి గొట్టాలను పూడ్చివేస్తాయి. అందువలన 2014 జూలై 1 నుండి టెక్సాస్ అంతటా, సరస్సును విడిచే ముందు పడవలోని నీటిని పూర్తిగా తీసివేయడం చట్టరీత్యా తప్పనిసరి. పంపు ఆగిపోయిన తరువాత కూడా సంచుల మడతలలో నీరు నిలిచి ఉంటుంది. వాటిని చేతితో ఎత్తి వంచవలెను.