కోడి దాణాలో మట్టి ఎందుకు కలుపుతారు?

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో గాలి నిండా తేమే. తుపాను రోజుల్లో సరిగా ఆరని మొక్కజొన్న, వేరుశనగ చెక్క ఇట్టే బూజు పడతాయి. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. అది కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఎదుగుదల మందగిస్తుంది, గుడ్లు తగ్గుతాయి. 1960లో ఇంగ్లండులో బూజు పట్టిన వేరుశనగ పిండి తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాకే ఈ విషం సంగతి బయటపడింది. ఉడికించినా ఇది పోదు!

మరి మట్టి ఏం చేస్తుంది? బెంటొనైట్ అనే బంకమట్టి రేణువులో పుస్తకం పేజీల్లా పలచని పొరలుంటాయి. అఫ్లటాక్సిన్ అణువు చదునైనది కాబట్టి కోడి కడుపులో ఆ పొరల మధ్యకు దూరి అతుక్కుపోతుంది. ఇక రక్తంలోకి వెళ్లలేదు, మట్టితో పాటే రెట్టలో బయటికొచ్చేస్తుంది. టన్ను దాణాకు కొన్ని కిలోల మట్టి చాలు.

ఎండకు నెర్రెలిచ్చి, వానకు ఉబ్బే మన నల్లరేగడిలోనూ ఈ జాతి ఖనిజమే ఉంది. అలాగని పొలం మట్టి తవ్వి కోళ్లకు పెట్టకూడదు. అందులో పురుగుమందులు, రోగక్రిములు ఉండొచ్చు. దాణా కోసం శుద్ధిచేసి, పరీక్షించిన మట్టే వాడాలి.

టి-2 లాంటి మరికొన్ని బూజు విషాలను బెంటొనైట్ సరిగా పట్టలేదు. అందుకే మట్టి కంటే ముందు ఎండనే నమ్ముకోవాలంటాను. గింజలో తేమ 12-13 శాతానికి దిగేదాకా ఆరబెట్టాలి, బస్తాలను నేలకు తగలకుండా చెక్కల మీద పేర్చాలి.