గడీ దర్వాజ దగ్గర తల ఎందుకు వంచాలి?

నాది చిన్నప్పటి నుంచీ ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఏవైనా తప్పులుంటే క్షమించేయండి.

మొన్న సెలవుల్లో జనగామ దగ్గర మా నాయనమ్మ వాళ్ల ఊరికి వెళ్లాను. అక్కడ ఒక పాత గడీ ఉంది. సగం కూలిపోయింది కానీ ముందున్న పెద్ద దర్వాజ మాత్రం గట్టిగానే నిలబడి ఉంది. దాని ముందు మంచి ఫోజు కొట్టి ఫోటో దిగాను. నాయనమ్మకి చూపిస్తే నన్ను చూడలేదు, వెనకున్న తలుపునే చూసింది.

"గా చిన్న తలుపులకెల్లే మా అత్త లోపటికి పొయ్యేదట బిడ్డా. తల వంచుకొని."

ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే ఈ ఆర్టికల్.

గడీ అంటే చిన్న కోటలాంటి ఇల్లు. నిజాం కాలంలో తెలంగాణలో దేశ్‌ముఖులు, దొరలు ఇలాంటి ఇళ్లలో ఉండేవాళ్లు. చుట్టూ ఎత్తైన ప్రహరీ, చాలాచోట్ల మూలల్లో బురుజులు, ముందు ఒక పెద్ద దర్వాజ. మందమైన చెక్కలు, వాటి మీద ఇనుప పట్టీలు, వరసగా పెద్ద తలల సీలలు. ఇవన్నీ అందానికే అనుకున్నాను. కానీ సీలలు చెక్కల్ని కలిపి పట్టుకుంటాయి, గొడ్డలి దెబ్బకి అడ్డం పడతాయి. గోల్కొండ ఫతే దర్వాజకైతే ఏనుగులు తలతో గుద్దకుండా ఇనుప మొనలే పెట్టారు. అవసరం కోసం పెట్టినవే మెల్లగా అలంకారం అయ్యాయి.

ఇక నాయనమ్మ చెప్పిన చిన్న తలుపు. పెద్ద తలుపు రెక్కలోనే ఉండే దీన్ని దిడ్డి అంటారు. రోజూ అంత బరువైన తలుపు తెరవలేరు కదా, అందుకని ఇది. ఒక్కసారికి ఒక్కరే, అదీ వంగి రావాలి. వంగి వచ్చేవాడు కత్తి ఎత్తలేడు. మన భాషలో చెప్పాలంటే ఫైర్‌వాల్: అన్ని పోర్టులూ మూసేసి, ఒక్కటే తెరిచి, వచ్చే ప్రతిదాన్నీ చెక్ చేయడం.

కానీ కోటకి వచ్చేది శత్రువు. గడీకి రోజూ వచ్చింది ఎవరు? వెట్టి చేసే మన ఊరివాళ్లే. శత్రువు కోసం చేసిన డిజైన్ వాళ్లని రోజూ తల వంచేలా చేసింది. లండన్‌లో బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు ఇనుప గేట్లు, రెయిలింగులు చూడండి. ఊచల సందుల్లోంచి ప్యాలెస్ ముందు భాగం కనిపిస్తుంది. "చూడు, కానీ రాకు" అంటుంది ఆ గేటు. గడీ దర్వాజ చూడనివ్వదు కూడా. లోపల ఏం జరిగినా బయటికి తెలియదు.

ఆ తలుపుల ముందు తల ఎత్తింది కూడా మా జనగామ వైపు వాళ్లే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన భూమి, తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి ఎదురు నిలిచింది. 1946 జూలై 4న కడవెండిలో సంఘం ఊరేగింపు మీద దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అక్కడి నుంచి సాయుధ పోరాటం 1951 దాకా సాగింది.

ఇప్పుడు చాలా గడీలు కూలిపోతున్నాయి. "దొరల గుర్తు, పోతే పోనీ" అంటాడు మా బాబాయ్. నాకు అలా అనిపించట్లేదు. ఆ దర్వాజ పోతే, మా ముత్తవ్వ ఎంత వంగాల్సి వచ్చిందో కొలిచి చూపించడానికి ఇంకేం మిగలదు. తలుపు ఉండాలి. పక్కన దాని కథ రాసిన బోర్డు కూడా ఉండాలి.

వచ్చే ముందు నేను కూడా ఆ దిడ్డిలోంచి లోపలికి వెళ్లి చూశాను. నా హైటుకి నడుము దాకా వంగాల్సి వచ్చింది. ఆ ఫోటో మాత్రం తీసుకోలేదు.